చెంగలి బీట్లో చిట్టి ట్రాక్టరు

మా పశు క్షేత్రానికి ట్రాక్టరు వచ్చిన రోజు నుంచి ఆవులకు గడ్డి దొరకడం మానేసింది. ఇందులో ట్రాక్టరు తప్పేమీ లేదని ముందే మనవి చేస్తున్నాను. అది చిన్నది, ఎర్రటిది, మా ఆఫీసు వరండాలో కూడా పట్టేది. వెనక గడ్డి కోసే మోవరు తగిలించుకుని, మెడలో బంతిపూల దండతో లారీ దిగింది.

మా క్షేత్రం ఒంగోలు వైపు ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే ఆడిట్ వాళ్ళకు అడ్రసు దొరుకుతుంది. నల్లరేగడి నేల, నేల నిండా చెంగలి గడ్డి, ఒంగోలు జాతి మంద. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని. పైనుంచి వచ్చిన కాగితాన్ని కిందికి, కిందినుంచి వచ్చిన కాగితాన్ని పైకి పంపడం నా ఉద్యోగం. మధ్యలో చదవడం నియమం కాదు గానీ, నాకు అలవాటైంది.

ట్రాక్టరుతో పాటు వచ్చిన ఉత్తర్వులో జాయింట్ డైరెక్టరు గజపతిరావుగారు ఇలా సెలవిచ్చారు: "ఇకమీదట క్షేత్ర పరిధిలోని యావత్తు పచ్చగడ్డి యంత్రము ద్వారా మాత్రమే కోయబడవలెను. పశువులు స్వయంగా నోటితో గడ్డిని కోసికొనుట అనధికారిక కోతగా పరిగణించబడును."

మా క్షేత్రం డాక్టరు వకుళగారు దాన్ని రెండుసార్లు చదివారు. ఆవిడ ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. కాగితంలో ఉన్న మాటకు నిఘంటువులో ఉన్న అర్థమే ఉంటుందని ఇంకా నమ్ముతున్నారు.

"నోటితో కోసుకోవడాన్ని మేయడం అంటారు కదండీ?" అని నన్ను అడిగారు.

"మొన్నటిదాకా అనేవాళ్ళం," అన్నాను.

ఆవిడ వెంటనే గజపతిరావుగారికి ఫోన్ చేశారు. ఆయన గొంతు గదంతా వినిపించింది.

"ఆవులు మేయకూడదని ఎవరన్నారమ్మా? నిక్షేపంగా మేయవచ్చు. కోసిన గడ్డి మేయవచ్చు. కోయని గడ్డిని మేస్తే ఆ కోత ఎవరి ఖాతాలో పడుతుంది? ట్రాక్టరు పనితీరు ఎలా రుజువవుతుంది?"

"అయితే రేపటి నుంచే కోయిస్తాను సార్."

"ప్రారంభోత్సవం కాకుండా ఎలా కోయిస్తారు?"

"అది ఎప్పుడు సార్?"

"ప్రారంభించవలసిన పెద్దలకు తీరిక దొరికినప్పుడు," అని ఆయన ఫోన్ పెట్టేశారు.

పెద్దలకు తీరిక దొరకలేదు. వానలకు మాత్రం దొరికింది. ఆ ఏడు పడ్డట్టు ఎప్పుడూ పడలేదు. చెంగలి గడ్డి మోకాలు దాటింది, నడుం దాటింది, గుండెల దగ్గరికొచ్చింది. కొట్టంలో ఆవులు మాత్రం పాత వరిగడ్డి నములుతూ, గాలి అటునుంచి వీచినప్పుడల్లా తలలెత్తి బీడు వైపు చూసేవి.

ఇంకో చిక్కు వచ్చింది. మందను పూటపూటా బయట తిప్పాలన్నది పాత నిబంధన. దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. తిప్పాలి, కానీ మేయనివ్వకూడదు. గజపతిరావుగారిని వివరణ కోరితే ఒక్క మాటలో తేల్చారు: "చిక్కాలు."

పశువుల కాపరి మీరావలి కొబ్బరి తాడుతో మంద మొత్తానికి చిక్కాలు అల్లాడు. నూర్పిళ్ళప్పుడు ఎద్దు ధాన్యానికి నోరు పెట్టకుండా మూతికి కట్టే బుట్టలు అవి. తెల్లారగానే ఆవులన్నీ మూతులకు బుట్టలు కట్టించుకుని, గుండెల దాకా ఉన్న పచ్చగడ్డిలో వ్యాయామానికి వెళ్ళేవి. పాల దిగుబడి అమాంతం పడిపోయింది.

"అమ్మా, అన్నం గుండిగలో కూర్చోబెట్టి నోరు కుట్టేసినట్టుంది," అన్నాడు మీరావలి డాక్టరుగారితో. "ఇన్నేళ్ళలో నేను గొడ్డును కొట్టింది లేదు. ఇది కొట్టడం కంటే అన్యాయంగా ఉంది."

"నాకూ అలాగే ఉంది మీరావలీ. రాస్తున్నాను."

"రాస్తే వాటి కడుపు నిండుద్దా అమ్మా?"

ఆవిడ రాస్తూనే ఉన్నారు. నేను పంపుతూనే ఉన్నాను.

చివరికి పెద్దలు వచ్చారు. షామియానా వేశారు. కొబ్బరికాయ కొట్టారు. రిబ్బను కత్తిరించారు. గజపతిరావుగారు మైకు ముందు నిలబడి, "నేటితో గడ్డి చరిత్రలో ఒక అధ్యాయం ముగిసింది," అన్నారు. డ్రైవరు ఏసుపాదం బండి స్టార్టు చేసి బీట్లోకి పోనిచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేలోపే ట్రాక్టరు ఆగింది. గడ్డి బ్లేడుకు జడలా చుట్టుకుంది. ఇంజను ఒక మూలుగు మూలిగి, నల్లపొగ వదిలి, ఊరుకుంది. ఏసుపాదం దిగి, గడ్డి లాగి పారేసి మళ్ళీ నడిపాడు. మళ్ళీ ఆగింది. మూడోసారి బెల్టు కాలిన వాసన షామియానాలోకి వచ్చింది. పెద్దలు చేతిగుడ్డ ముక్కుకు పెట్టుకుని కారెక్కారు.

ట్రాక్టరు కంపెనీ తరఫున వచ్చిన కుర్రమెకానిక్కు నెమ్మదిగా చెప్పాడు. "సార్, గడ్డి బాగా ముదిరిపోయింది. బండి చిన్నది. బ్లేడు పైకెత్తి మొదట పైపైన కొయ్యాలి. రెండోసారి కిందికి దించి కొయ్యాలి. సగం సగం వెడల్పు పెట్టుకుని మెల్లగా పోతే తెగుతుంది సార్."

"మంజూరైన కోత ఎత్తు రెండంగుళాలు," అన్నారు గజపతిరావుగారు. "ఒక గడ్డిని రెండుసార్లు కోస్తే, రెండో కోత ఏ పద్దు కింద చూపాలి?"

కుర్రవాడికి పద్దులు తెలియవు. బెల్టు మార్చి వెళ్ళిపోయాడు.

తర్వాత కమిటీ వేశారు. కమిటీ బీడు గట్టు మీద కుర్చీలు వేసుకుని గడ్డిని పరిశీలించింది. గడ్డి ఊగింది. కమిటీ రాసుకుంది. వారి నివేదిక సారాంశం ఇది: "యంత్రము నందు లోపము కానరాలేదు. గడ్డి యంత్రమునకు అనుకూలమైన రీతిలో పెరుగలేదు. కావున యంత్రము ప్రవేశించుటకు ముందు గడ్డిని తగు సాధనముచే పలుచన చేయవలెను. అట్టి సాధనము లభించు వరకు యథాతథ స్థితి కొనసాగవలెను."

యథాతథ స్థితి అంటే చిక్కాలు.

ఆ వారంలోనే సుక్కమ్మ పడిపోయింది. నుదుట నల్లమచ్చ ఉన్న చూడి ఆవు అది. నెలలు నిండుతున్నాయి. వ్యాయామానికి వెళ్ళి, గడ్డి నడిమధ్య ముందుకాళ్ళు మడిచి కూలబడి, ఇక లేవలేదు. మేం వెళ్ళేసరికి చుట్టూ పచ్చగా గోడలా గడ్డి. దాని చిక్కానికి ఉన్న సందుల్లోంచి నాలుక బయటికి వచ్చి, అందీ అందని ఒక పరకను తాకుతోంది. మీరావలి చిక్కం కోసి అవతల విసిరేశాడు. డాక్టరుగారు సెలైను ఎక్కించారు. ఆ గడ్డి మీదే మోకాళ్ళ మీద కూర్చుని, సీసా పట్టుకుని, తల వంచుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. తీరా తలెత్తితే కోపం.

"ఏమండీ," అన్నారు నాతో. "పలుచన చేసే సాధనం కావాలన్నారు కదా కమిటీవాళ్ళు?"

"అన్నారండీ."

"నాకు మీ భాష రాదు. ఒక కాగితం రాసిపెట్టండి."

ఆ సాయంత్రం ఆవిడ చెబుతుంటే నేను మా భాషలోకి మార్చాను. "గడ్డిని ముందస్తుగా పలుచన చేయు పరికరములు క్షేత్రమునందే లభ్యమగుచున్నవి. ఇవి స్వయంచాలితములు. నాలుగు ఆధారములపై నిలిచి, ఎట్టి ఎగుడుదిగుడు నేల యందైనను సంచరించగలవు. క్రింది దవడ యందు ఎనిమిది కోత అంచులు కలవు. డీజిలు అవసరము లేదు. కోసిన గడ్డినే ఇంధనముగా వాడుకొని, వ్యర్థమును ఎరువు రూపమున నేలకే సమర్పించును. ట్రాక్టరునకు అనుబంధ పరికరములుగా వీటిని నమోదు చేయుటకు అనుమతి ప్రార్థన."

కాగితం పట్టుకుని డాక్టరుగారు స్వయంగా జిల్లా ఆఫీసుకు వెళ్ళారు. వెంట నేనూ వెళ్ళాను. గజపతిరావుగారు కళ్ళజోడు సవరించుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు.

"ఇవి ఆవులు కదమ్మా?" అన్నారు.

నేను కాగితం వెనక్కి తీసుకోబోయాను.

"అవును సార్," అన్నారు డాక్టరుగారు.

"నాకు తెలియదనుకున్నారేమోనని అడిగాను. ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. ఆవులుగా వస్తే బీట్లోకి అనుమతించే అధికారం నాకు లేదు. పరికరాలుగా వస్తే కాదనే అధికారం లేదు." సంతకం పెట్టి, కలం మూత బిగిస్తూ, "ఇది మొదటే ఇలా రాసి ఉంటే ఇన్నాళ్ళు ఆలస్యం అయ్యేది కాదు," అని మందలించారు.

మర్నాడు చిక్కాలు విప్పారు. ఆవులు బీట్లోకి వెళ్ళి, ఒక్క క్షణం నమ్మనట్టు నిలబడ్డాయి. తర్వాత తలలు వంచాయి. మంద మొత్తం ఒక్కసారిగా గడ్డి తెంపుతుంటే వచ్చే చప్పుడు నేను అంతకు ముందు ఎప్పుడూ చెవి పెట్టి వినలేదు. వాన మొదలైనట్టు ఉంది. సుక్కమ్మ కూడా మీరావలి ఊతంతో లేచి నిలబడింది. డాక్టరుగారు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. మీరావలి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మిషన్లని రాశారంట గదమ్మా వీటిని?"

"రాశాను."

"పాపం కాదా?"

"మేస్తున్నాయి కదా మీరావలీ."

అతను కాసేపు ఆ చప్పుడు విన్నాడు. "మేస్తున్నాయిలే," అన్నాడు.

ఆవులు మేసిన చోట గడ్డి నాలుగు వేళ్ళ ఎత్తున మిగిలేది. వెనకాలే ఏసుపాదం ట్రాక్టరు నడిపేవాడు. అది ఎక్కడా ఆగకుండా పరుగెత్తేది. రెండంగుళాల ఎత్తు తేలేది. నివేదికలు పైకి వెళ్ళాయి. ప్రశంసలు కిందికి వచ్చాయి. కొన్నాళ్ళకు, ఆవులు మేశాక కోయడానికి మిగిలేదేమీ లేదని అర్థమై ఏసుపాదం ట్రాక్టరును షెడ్డులో పెట్టేశాడు. నివేదికలు మాత్రం ఆగలేదు.

పరికరాలు అన్నాక వాటి మర్యాద వాటికి జరగాలి. కొమ్ములకు నంబరు ప్లేట్లు వచ్చాయి. మీరావలికి "పరికరాల నిర్వాహకుడు" అని హోదా, ఒక రెంచీ వచ్చాయి. ఆ రెంచీతో అతను కొట్టంలో గుంజలు దిగగొట్టేవాడు. తనిఖీకి వచ్చిన ఒక ఇంజనీరు, కొన్ని పరికరాల అడుగు భాగం నుంచి తెల్లని ద్రవం కారుతున్నట్టు గమనించి, లీకేజీని అరికట్టమని రాశారు. "ప్రతి ఉదయం, సాయంత్రం ద్రవమును పాత్రలయందు పట్టి లీకేజీని అదుపులో ఉంచుచున్నాము," అని జవాబిచ్చాం. ఆయన సంతృప్తి చెందారు.

సుక్కమ్మ ఈనింది. కోడెదూడ. దాన్ని లెక్కలో చూపాలి కదా. "ఒక పరికరము నుండి చిన్న పరికరము వెలువడినది," అని రాశాను. కొనుగోలు ఆమోదం లేకుండా పరికరం ఎలా వచ్చిందని మెమో వచ్చింది. దూడ పక్కన నిలబడి డాక్టరుగారు ఆ మెమో చదివి, చాలా రోజుల తర్వాత మొదటిసారి నవ్వారు.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. మా ట్రాక్టరు ఖ్యాతి రాజధాని దాకా పాకింది. ప్రధాన కార్యాలయం ముందు పెళ్ళిపందిరంత పచ్చిక ఉంది. దాన్ని కోయడానికి "సదరు ట్రాక్టరును, యావత్తు అనుబంధ పరికరములతో సహా, తక్షణమే పంపవలెను" అని ఆదేశం దిగింది.

మంద మొత్తం నగరానికి. పాలిచ్చే ఆవులు, చూడి ఆవులు, వారాల వయసు దూడ, అన్నీ లారీల్లో. ఆ పెళ్ళిపందిరి ఒక్క పూట మేత కూడా కాదు. తర్వాత వాటిని కట్టేసేది పార్కింగు స్థలంలో అని ఆదేశంలోనే ఉంది.

డాక్టరుగారి ముఖం పాలిపోయింది. "నేనే చేశాను ఇదంతా. ఆవుల్ని ఆవులుగానే వదిలేసి ఉంటే ఎవరూ వీటి జోలికి వచ్చేవాళ్ళు కాదు."

"వదిలేసి ఉంటే చచ్చిపోయేయమ్మా," అన్నాడు మీరావలి. ఆవుల మెడల్లో తాళ్ళు సరిచేస్తూ తిరిగాడు.

లారీలు వచ్చాయి. సాగనంపడానికి గజపతిరావుగారూ వచ్చారు. మొదట ట్రాక్టరు ఎక్కించాలి, అది ప్రధాన యంత్రం కనుక. ఏసుపాదం తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్ళీ తిప్పాడు. టక్కు కూడా అనలేదు. ఇన్నాళ్ళూ షెడ్డులో నిలబడి బ్యాటరీ చచ్చిపోయింది. నెట్టడానికి మనుషులు చాలలేదు. గజపతిరావుగారు గడియారం చూసుకుంటున్నారు.

"ఎడ్లను కట్టండి," అన్నారు.

ఎరువు బండికి కట్టే జత ఎడ్లు ఉన్నాయి మా దగ్గర. వాటికీ నంబరు ప్లేట్లు ఉన్నాయి. మీరావలి కాడి వేసి, గొలుసు తగిలించి అదిలించాడు. ఎడ్లు వంగి లాగాయి. చిట్టి ట్రాక్టరు ఒక్క మాట అనకుండా వాటి వెనకాల నడిచింది.

డాక్టరుగారు అది చూస్తూ ఉన్నట్టుండి గజపతిరావుగారి దగ్గరికి వెళ్ళారు.

"సార్, ఒక సందేహం. ప్రధాన యంత్రానికీ అనుబంధానికీ తేడా ఏమిటి?"

"నా ఉత్తర్వులోనే ఉందమ్మా. లాగునది ప్రధానము, లాగబడునది అనుబంధము."

"ఇప్పుడు ఏది లాగుతోంది సార్?"

ఆయన చూశారు. అందరం చూశాం. ఎడ్లు లాగుతూనే ఉన్నాయి. గజపతిరావుగారి ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఒక కఠినమైన ఫైలు ఎదురైనప్పుడు నిజమైన అధికారికి కలిగే భక్తి లాంటిది వచ్చింది.

"అంటే," అన్నారు నెమ్మదిగా, "పశువులు ప్రధానం. ట్రాక్టరు అనుబంధం."

"ప్రధానం లేకుండా అనుబంధం కదలకూడదు కదా సార్?"

"కూడదు."

"జాతి పశువులు క్షేత్రం దాటకూడదన్న నిబంధన..."

"ఉన్నది. నేనే ముసాయిదా రాశాను." ఆయన లారీ డ్రైవర్ల వైపు తిరిగారు. "ఎవరు రమ్మన్నారయ్యా మిమ్మల్ని?"

లారీలు ఖాళీగా వెళ్ళిపోయాయి. కొమ్ముల ప్లేట్లు ఊడదీశారు. ఆవులు మళ్ళీ ఆవులయ్యాయి, మేయడం ప్రధాన యంత్రపు సహజ విధి అయింది. మీరావలి రెంచీ తిరిగి ఇవ్వబోతే, గుంజలకు పనికొస్తుందని నేనే ఉంచుకోమన్నాను.

మిగిలింది ట్రాక్టరు. పశువులకు అనుబంధం కనుక దాన్ని పశువుల పద్దులో చేర్చాం. పశువుల పద్దులో చేరినదానికి నంబరు వేసిన చెవి పోగు ఉండాలి. చెవి లేనందున అద్దానికి వేశాం. రోజువారీ దాణా మంజూరైంది. తవుడు, చెక్క, ఉప్పు. సుక్కమ్మ దూడ ఆ వాటా కూడా తిని నిగనిగలాడేది. గాలికుంటు టీకాల రోజున డాక్టరుగారు ట్రాక్టరు ముందు సిరంజి పట్టుకుని కాసేపు ఆలోచించి, "ఆరోగ్యంగా ఉన్నది, వాయిదా వేయడమైనది" అని రాశారు. కొట్టంలో చివరి గుంజ దానిది. మీరావలి దాన్ని తాడుతో కట్టడానికి మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత తనిఖీ ఉన్న రోజుల్లో మాత్రం కట్టేవాడు.

అలా ఒక తనిఖీలో కొత్త అధికారి ఒకాయన కొట్టం చివరి దాకా నడిచి, దాని ముందు ఆగారు.

"ఇది ఎన్ని ఈతలు ఈనింది?"

"ఒక్కటీ లేదండీ," అన్నారు డాక్టరుగారు.

"చూడి నిలిచిందా?"

"లేదండీ."

"పాలు?"

"లేవండీ."

ఆయన విచారంగా తల పంకించి రాసుకున్నారు. నెల తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. "సదరు పశువు గొడ్డుమోతుగా ధ్రువీకరించబడినందున, దాణా ఖర్చు వృథా కాకుండా తక్షణమే వేలము వేయవలెను."

వేలానికి ఇద్దరే వచ్చారు. ఒకడు పాత ఇనుము వ్యాపారి. రెండోది మా కంచెకు అవతల గేదెలు మేపుకునే వెంగమ్మ. ఆవిడ బీడూ చెంగలి గడ్డితో గుండెల దాకా ముదిరి ఉంది. గొడ్డు పశువును కొనేవాళ్ళు దాన్ని కోతకు అమ్మబోమని, ముక్కలు చేయబోమని హామీపత్రం రాసివ్వాలి. అది నిబంధన. నేను చదివి వినిపించగానే పాత ఇనుము వ్యాపారి, "ముక్కలు చేయకపోతే నాకెందుకండీ?" అని వెళ్ళిపోయాడు. ట్రాక్టరు గొడ్డావు ధరకు వెంగమ్మ పాలైంది.

"పూర్తిగా విని సంతకం పెట్టమ్మా," అన్నాను. "సదరు పశువుకు ప్రతిదినము నీరు పెట్టెదను."

"రేడియేటర్లో పోస్తాలే. ఇంకా?"

"దానిని హింసించక, శక్తికి మించిన పని చేయించక, నెమ్మదిగా తోలెదను."

వెంగమ్మ డాక్టరుగారి వైపు చూసింది. డాక్టరుగారు, "అది మాత్రం నిజంగానే పాటించు వెంగమ్మా," అన్నారు. "బ్లేడు పైకెత్తి మొదట పైపైన కోయించు. తర్వాత కిందికి దించు. సగం సగం పట్టుకుని మెల్లగా పోతే, ఆ గడ్డి తెగుతుంది."

"అట్టాగే తోలిస్తానమ్మా." ఆవిడ కలం అందుకుంది. "అయిపోయిందా, ఇంకేమన్నా ఉందా?"

"ఒక్కటే ఉంది. సహజ మరణము సంభవించినచో క్షేత్ర అధికారులకు తెలియజేసెదను."

వెంగమ్మ సంతకం పెట్టి, కాగితం నా ముందుకు తోసింది.

"చచ్చిపోతే కబురు పెడతాలే అయ్యా," అంది. "బతికున్నన్నాళ్ళు మాత్రం దాని జోలికి రామాకండి. పని చేసుకోనీయండి."